బెయిలౌట్లను అడ్డుకునే పౌర బృందం ఎలా కట్టాలి: సమగ్ర మార్గదర్శి

2008 సెప్టెంబర్ 29న అమెరికా ప్రతినిధుల సభ 700 బిలియన్ డాలర్ల బ్యాంకు బెయిలౌట్ బిల్లును, అంటే మునిగిపోతున్న సంస్థలను ప్రజల సొమ్ముతో నిలబెట్టే బిల్లును, 228–205 ఓట్లతో తిరస్కరించింది. అధ్యక్షుడు ఆ బిల్లు కావాలన్నాడు. ఆర్థిక మంత్రి, కేంద్ర బ్యాంకు అధిపతి, రెండు పార్టీల నాయకులు కూడా కావాలన్నారు. వద్దన్నది ఓటర్లు. సభ్యుల ఆఫీసుల్లో ఫోన్లు ఆగకుండా మోగాయి. ఈమెయిళ్ల తాకిడికి సభ వెబ్‌సైట్ మొరాయించింది. కానీ నాలుగు రోజులు తిరిగేసరికి, అక్టోబర్ 3న, అదే సభ అదే పథకాన్ని కొన్ని మార్పులతో 263–171తో ఆమోదించింది.

జనం గట్టిగా అడ్డం తిరిగితే అంత పెద్ద బిల్లు కూడా పడిపోతుందని మొదటి ఓటు చూపించింది. చేతిలో ప్రత్యామ్నాయం లేకుండా, మర్నాడు ఏం చేయాలో తెలియకుండా ఉంటే ఆ గెలుపు వారం కూడా నిలవదని రెండో ఓటు చూపించింది. బెయిలౌట్ కోరే కంపెనీకి అందులో వేల కోట్ల లాభం ఉంటుంది కాబట్టి లాయర్లు, లాబీయిస్టులు పగలూ రాత్రీ పనిచేస్తారు. పన్ను కట్టే ఒక్కొక్కరి మీద పడేది చిన్న మొత్తమే కాబట్టి ఎవరూ పని మానుకుని రారు. సొమ్మొకడిది, సోకొకడిది అయ్యేది ఇలాగే. ఈ అసమానతను తొందర ఇంకా పెంచుతుంది. అందుకే ఈ పనిలో సగానికి పైగా సంక్షోభం రాకముందే పూర్తి కావాలి. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వితే లాభం లేదు.

మొదటి అడుగు: దేన్ని ఎదిరిస్తున్నారో తేల్చుకోండి

బిల్లు పేరులో బెయిలౌట్ అన్న మాట ఉండదు. స్థిరీకరణ, ఉపశమనం, పునరుద్ధరణ, ఉద్యోగ రక్షణ లాంటి మాటలుంటాయి. 2001 సెప్టెంబర్ 11 దాడులు జరిగిన పదకొండు రోజులకే అమెరికాలో విమానయాన సంస్థలకు 5 బిలియన్ డాలర్ల నగదు, 10 బిలియన్ల వరకు రుణ గ్యారంటీలు ఇచ్చే చట్టం వచ్చింది. దాని పేరులోనూ భద్రత, స్థిరీకరణ అనే మాటలే ఉన్నాయి. సెనేట్‌లో 96 మంది సరే అంటే వద్దన్నది ఒక్కరు.

కాబట్టి పేరు వదిలేసి రూపం చూడండి. నేరుగా నగదు ఇవ్వడం, తక్కువ వడ్డీకి అప్పివ్వడం, ప్రభుత్వం షేర్లు కొనడం, ఎవరూ కొనని ఆస్తులను ఎక్కువ ధరకు కొనడం, పన్ను బకాయిలు మాఫీ చేయడం లేదా వాటిని షేర్లుగా మార్చుకోవడం, కేంద్ర బ్యాంకు అత్యవసర అప్పులకు తలుపు తెరవడం ఇవన్నీ బెయిలౌట్లే. వీటన్నిటికంటే ఎక్కువ మోసపుచ్చేది గ్యారంటీ. ఆ రోజు ఖజానా నుంచి పైసా బయటికి రాదు కాబట్టి "ఖర్చేమీ లేదు" అంటారు. కంపెనీ మునిగిన రోజున మాత్రం బిల్లు పన్ను కట్టేవాళ్ల ఇంటికే వస్తుంది.

ఏది బెయిలౌట్ కాదో కూడా ముందే రాసుకోండి. ఉద్యోగం పోయిన మనిషికి ఇచ్చే భృతి, చిన్న డిపాజిట్లకు ముందునుంచీ ఉన్న బీమా, ప్రభుత్వమే వ్యాపారం మూసేయమని ఆదేశించినప్పుడు ఇచ్చే పరిహారం: ఈ మూడింటి మీద లిబర్టేరియన్లలోనే, అంటే ప్రభుత్వ జోక్యం వీలైనంత తక్కువ ఉండాలనే మనలాంటివాళ్లలోనే, నిజమైన భేదాభిప్రాయాలున్నాయి. 2020లో కోవిడ్ ఆంక్షలప్పుడు మూడో ప్రశ్న ఎంతోమందిని విడగొట్టింది. నేను వాడే పరీక్ష ఇది: ఈ సాయం అందరికీ వర్తించేలా ముందే ఉన్న నియమం ప్రకారం వస్తోందా, లేక నష్టం వచ్చాక ఫలానా కంపెనీని, ఫలానా పరిశ్రమను చూసి రాశారా? రెండోదైతే ఎదిరించాల్సిందే. మీ బృందం ఇంకో గీత గీసుకోవచ్చు. కానీ ఆ గీత సంక్షోభం మధ్యలో గీయొద్దు.

రెండో అడుగు: చిన్న బృందం, ఒక్క పేజీ

ఆరేడుగురు చాలు. లెక్కలు చదవగలిగినవాళ్లు ఒకరు, బిల్లు భాష అర్థం చేసుకోగలిగినవాళ్లు ఒకరు, ఫోన్లు చేయించే ఓపిక ఉన్నవాళ్లు ఒకరు తప్పకుండా ఉండాలి. పేరు, లోగో గురించి ఒక పూట కంటే ఎక్కువ ఖర్చు పెట్టొద్దు.

ఒక్క పేజీలో మూడు విషయాలు రాసి అందరూ సంతకం చేయండి. మనకు ఇష్టమైన పరిశ్రమ అయినా, మన ఊరి ఫ్యాక్టరీ అయినా బెయిలౌట్ వద్దంటాం. మనం ఓటేసిన పార్టీ తెచ్చినా వద్దంటాం. బెయిలౌట్ వల్ల లాభపడే కంపెనీ నుంచి, దాని పోటీ కంపెనీ నుంచి డబ్బు తీసుకోం. ఈ చివరి మాట చాలామందికి తట్టదు. పోటీదారు మునిగిపోతే లాభపడే కంపెనీ మీకు విరాళం ఇవ్వడానికి ముందుకొస్తుంది. అది ఒక్కసారి తీసుకున్నారని బయటపడితే తర్వాత మీరు ఏం చెప్పినా ఎవరూ నమ్మరు.

విరాళాలు, ఎన్నికల ఖర్చు, సంఘాల నమోదు మీద మీ దేశంలో ఏ నియమాలున్నాయో ఒక లాయర్‌ను అడిగి తెలుసుకోండి. లెక్కలు మొదటి రోజునుంచే రాయండి.

మూడో అడుగు: కంపెనీల ఫైళ్లు ముందే సిద్ధం చేయండి

ఏ పరిశ్రమలు రేపు చెయ్యి చాస్తాయో ఊహించడం అంత కష్టం కాదు. అప్పులు ఎక్కువ, ఉద్యోగులు ఎక్కువ, రాజకీయ పరిచయాలు ఎక్కువ ఉన్నవే వస్తాయి. బ్యాంకులు, విమానయానం, కార్ల తయారీ, బీమా, టెలికాం లాంటివి ఐదారు ఎంచుకుని ఒక్కొక్కదానికి ఒక ఫైల్ పెట్టండి.

ఫైల్‌లో మొదట ఉండాల్సింది ఆడిట్ అయిన వార్షిక నివేదికల సారాంశం. ఎంత అప్పుంది, ఎప్పుడు తీర్చాలి, గత ఐదేళ్లలో డివిడెండ్లకు, సొంత షేర్లు తిరిగి కొనడానికి ఎంత ఖర్చు పెట్టారు, పై అధికారులకు ఎంత ఇచ్చారు. 2020లో అమెరికా ఎయిర్‌లైన్స్ సాయం అడిగినప్పుడు, అంతకుముందు మంచి రోజుల్లో అవి షేర్ల కొనుగోలు మీద పెట్టిన భారీ ఖర్చే జనానికి తేలిగ్గా అర్థమైన వాదన. ఈ సమాచారమంతా ఎప్పుడూ బహిరంగంగానే ఉంటుంది. దాన్ని వెతికి ఒక పేజీలోకి తెచ్చిపెట్టినవాళ్లే ఉండరు.

రెండోది, అప్పిచ్చినవాళ్ల జాబితా. కాపాడుతున్నది పైకి కనిపించే కంపెనీనే అనుకుంటాం. 2008లో ఏఐజీ అనే బీమా సంస్థను అమెరికా ప్రభుత్వం నిలబెట్టింది. 2009 మార్చిలో వివరాలు బయటికొచ్చాక తెలిసిందేమిటంటే, ఆ డబ్బులో చాలా భాగం ఏఐజీ గుండా వెళ్లి దాంతో లావాదేవీలున్న పెద్ద బ్యాంకులకు చేరింది. ఒక్క గోల్డ్‌మన్ శాక్స్‌కే 12.9 బిలియన్ డాలర్లు అందాయి. కంపెనీ పడిపోతే ఎవరి అప్పు మునుగుతుందో ముందే తెలిస్తే, లాబీ చేస్తున్నది ఎవరో కూడా తెలుస్తుంది.

వీటికి తోడు లాబీయింగ్ వెల్లడి పత్రాలు, మీ ప్రతినిధి ఏ కమిటీలో ఉన్నారు, పాత బెయిలౌట్ల మీద ఎలా ఓటేశారు అనేవి చేర్చండి. ఏడాదికి రెండుసార్లు కొత్త అంకెలు వేస్తే సరిపోతుంది.

నాలుగో అడుగు: ప్రత్యామ్నాయం చేతిలో పెట్టుకోండి

ఈ అడుగు దగ్గర ఎక్కువసేపు ఆగండి. "వద్దు" అని మాత్రమే అంటే, "అయితే ఇన్ని వేల కుటుంబాలు రోడ్డున పడాలా?" అనే ప్రశ్న ముందు మీరు నిలబడలేరు. ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి జవాబు మీ దగ్గర ఉండి తీరాలి.

మొదటి జవాబు దివాలా చట్టం. దివాలా అంటే గేటుకు తాళం అనే భయం జనంలో ఉంది. బెయిలౌట్ కోరేవాళ్లు ఆ భయాన్నే వాడుకుంటారు. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ కథ కంఠతా పెట్టుకోండి. ఆ కంపెనీ 1.8 బిలియన్ డాలర్ల రుణానికి ప్రభుత్వ గ్యారంటీ అడిగింది. 2002 డిసెంబర్ 4న సంబంధిత బోర్డు కుదరదంది. ఐదు రోజుల తర్వాత కంపెనీ చాప్టర్ 11 కింద, అంటే వ్యాపారం నడుపుతూనే అప్పులు సర్దుకోనిచ్చే అమెరికా చట్టం కింద, దివాలా రక్షణ కోరింది. విమానాలు ఎగురుతూనే ఉన్నాయి. 2004లో మళ్లీ గ్యారంటీ అడిగితే మళ్లీ లేదన్నారు. 2006 ఫిబ్రవరిలో కంపెనీ దివాలా నుంచి బయటికొచ్చింది. పాత వాటాదారుల పెట్టుబడి పోయింది, అప్పులవాళ్లు నష్టం భరించారు.

ఆ కథలో బాధాకరమైన భాగాన్ని దాచొద్దు. ఉద్యోగుల జీతాలు తగ్గాయి, పెన్షన్ పథకాలు రద్దయి పెన్షన్ బీమా సంస్థ చేతికి వెళ్లాయి, చాలామందికి రావాల్సినదానికంటే తక్కువ వచ్చింది. ఇది మీరే ముందు చెప్పండి. ఎదుటివాళ్లు చెప్పేదాకా ఆగితే నిజం దాచినట్టవుతుంది. చెప్పాక అడగండి: తప్పుడు నిర్ణయాలు తీసుకున్న యాజమాన్యం, తెలిసి అప్పిచ్చినవాళ్లు మొదట నష్టపోవాలా, ఆ కంపెనీ టికెట్ ఎప్పుడూ కొనని మనిషి మొదట నష్టపోవాలా?

బ్యాంకుల విషయంలో జవాబు ఇంకొంచెం కష్టం. ఒక బ్యాంకు దగ్గర క్యూ కడితే పక్క బ్యాంకు దగ్గరా కడతారు, ఆ భయం ఉత్తది కాదు. ఇక్కడ అడగాల్సింది వరస గురించి. మొదట వాటాదారులు, తర్వాత బాండ్లు కొన్నవాళ్లు, ఆ తర్వాతే ఇంకెవరైనా. ఐస్‌లాండ్‌లో 2008లో మూడు పెద్ద బ్యాంకులు కూలినప్పుడు దేశంలోని డిపాజిట్లను కొత్త బ్యాంకులకు మార్చారు, పాత బ్యాంకుల బాండ్లు కొన్న విదేశీ పెట్టుబడిదారుల నష్టాన్ని జనం నెత్తిన వేయలేదు. కొత్త బ్యాంకులకు ప్రభుత్వమే మూలధనం పెట్టింది కాబట్టి అది పూర్తిగా మన సూత్రం ప్రకారం జరిగిందనలేం. కానీ "అందరినీ కాపాడటం తప్ప దారి లేదు" అనే మాట నిజం కాదని అది చూపించింది.

"డబ్బు వడ్డీతో తిరిగొచ్చింది కదా" అనే వాదనకూ సిద్ధంగా ఉండండి. 2008 పథకంలో బ్యాంకులకు ఇచ్చిన భాగం ఇచ్చినదానికంటే ఎక్కువగానే వెనక్కి వచ్చింది. అది ఒప్పుకోండి. జనరల్ మోటార్స్‌లో పెట్టిన దాంట్లో మాత్రం 11 బిలియన్ డాలర్ల దాకా పోయింది. ఇంతకంటే బలమైన ఉదాహరణ క్రైస్లర్ అనే కార్ల కంపెనీది. 1979లో ఆ కంపెనీకి 1.5 బిలియన్ డాలర్ల రుణ గ్యారంటీలు ఇచ్చారు. 1983కే అప్పు తీరిపోయింది, ప్రభుత్వానికి లాభం కూడా వచ్చింది. విజయగాథగా దాన్ని దశాబ్దాల పాటు చెప్పుకున్నారు. 2008 చివర్లో అదే క్రైస్లర్ మళ్లీ చెయ్యి చాచింది. నష్టం వేరేవాళ్లు భరిస్తారని ఒకసారి తెలిశాక కంపెనీలు, వాటికి అప్పిచ్చేవాళ్లు జాగ్రత్త తగ్గించుకుంటారు. తిరిగొచ్చిన వడ్డీ లెక్కలో ఈ ఖర్చు కనిపించదు.

ఐదో అడుగు: బిల్లు వచ్చిన రోజే చదవండి

2008లో అమెరికా ఆర్థిక శాఖ మొదట పంపిన ప్రతిపాదన మూడు పేజీలు. అందులో ఎనిమిదో సెక్షన్ మంత్రి నిర్ణయాలను ఏ కోర్టూ సమీక్షించకూడదని చెప్పింది. ఆ ఒక్క వాక్యం జనంలోకి వెళ్లడంతోనే వ్యతిరేకత ఊపందుకుంది. ఆమోదం పొందేనాటికి బిల్లు వందల పేజీలకు పెరిగింది. పిల్లల చెక్క బాణాల తయారీదారులకు పన్ను మినహాయింపు దాకా అందులో చేరింది.

చదివేటప్పుడు నాలుగు చోట్ల గుర్తు పెట్టుకోండి. డబ్బు ఎవరికి ఇవ్వొచ్చో చెప్పే నిర్వచనం. మంత్రికో అధికారికో వదిలేసిన విచక్షణ. కోర్టు సమీక్ష, ఆడిట్ మీద పరిమితులు. గడువు తేదీ. నిర్వచనం వదులుగా ఉంటే ఏం జరుగుతుందో అదే చట్టం చూపించింది. పాడైన ఆస్తులు కొంటామని తీసుకున్న డబ్బును రెండు వారాలు కాకముందే బ్యాంకుల షేర్లు కొనడానికి మళ్లించారు. డిసెంబర్ 11న కార్ల కంపెనీల సాయం బిల్లు సెనేట్‌లో ఆగిపోయింది. డిసెంబర్ 19న అధ్యక్షుడు ఆ బ్యాంకుల నిధి నుంచే జీఎం, క్రైస్లర్‌లకు 17.4 బిలియన్ డాలర్లు ప్రకటించాడు. చట్టసభ వద్దన్నది మాటల సందులోంచి వచ్చేసింది.

చదివింది సాయంత్రానికి ఒక పేజీగా మార్చి, సెక్షన్ నంబర్లతో సహా విలేఖరులకు, సభ్యుల సిబ్బందికి పంపండి. సిబ్బంది కూడా బిల్లు పూర్తిగా చదివి ఉండరు. సరైన సెక్షన్ చూపించినవాళ్ల నంబర్ వాళ్లు దాచుకుంటారు.

ఆరో అడుగు: ఫోన్, ఆ తర్వాత ఇంకో ఫోన్

ఎటూ తేల్చుకోని సభ్యులు, వచ్చే ఎన్నికల్లో గట్టి పోటీ ఉన్న సభ్యులు: ఈ రెండు జాబితాలు తప్ప మిగతావాళ్ల మీద సమయం పెట్టొద్దు. 2008 మొదటి ఓటులో గట్టి పోటీ ఎదుర్కొంటున్న సభ్యుల్లో చాలామంది వద్దనే ఓటేశారు.

ఒకే ఈమెయిల్‌ను వెయ్యిమందితో కాపీ చేయించి పంపిస్తే ఆఫీసులో దాన్ని ఒకే గుంపుగా లెక్కేస్తారు. అదే నియోజకవర్గంలోని ఓటరు ఫోన్ చేసి సొంత మాటల్లో మాట్లాడితే ఎక్కువ బరువు ఉంటుంది. ఇలా చెప్పమనండి:

"నమస్కారమండీ. నేను మీ నియోజకవర్గం ఓటరును. ఫలానా బిల్లు మీద సభ్యులు ఎలా ఓటేస్తారో తెలుసుకుందామని చేశాను. దయచేసి వ్యతిరేకించమని చెప్పండి. ఆ కంపెనీ ముందు దివాలా కోర్టుకు వెళ్లాలి, దాని వాటాదారులు ముందు నష్టం భరించాలి. ఓటు పేరుపేరునా నమోదయ్యేలా అడగమని కూడా చెప్పండి."

ఫోన్ ఎత్తిన మనిషి చిన్న ఉద్యోగి. ఆమె మీదో అతని మీదో కేకలు వేసినవాళ్లు మన పని చెడగొడతారు, వాళ్లను ఫోన్ల పని నుంచి తప్పించండి. ఏ ఆఫీసు ఏం జవాబిచ్చిందో ఒక షీట్‌లో రాయండి.

పేరుపేరునా ఓటు అడగడం చిన్న విషయం కాదు. 2020 మార్చి 27న అమెరికా ప్రతినిధుల సభ రెండు ట్రిలియన్ డాలర్ల పైచిలుకు ప్యాకేజీని మూజువాణి ఓటుతో ఆమోదించింది. రికార్డు ఓటు కావాలని పట్టుబట్టిన సభ్యుడు థామస్ మాసీ మీద రెండు పార్టీలూ విరుచుకుపడ్డాయి. ఎవరు ఎటు ఓటేశారో రాతలో లేకపోతే తర్వాత ఎన్నికల్లో అడగడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

ఇక రెండో ఫోన్. బిల్లు ఓడిపోతే ఆ సాయంత్రమే, వద్దన్న ప్రతి సభ్యుడికీ ఫోన్ చేసి థాంక్స్ చెప్పించండి. 2008లో మొదటి ఓటు రోజు అమెరికా స్టాక్ మార్కెట్‌లోని డౌ జోన్స్ సూచీ 777 పాయింట్లు పడిపోయింది. ఆ క్షణం నుంచి వద్దన్నవాళ్ల మీద ఒత్తిడి వరదలా వచ్చింది. అలాంటి గంటల్లో వాళ్ల ఆఫీసుకు వచ్చే ఫోన్లన్నీ ఒక వైపు నుంచే ఉండకూడదు.

ఏడో అడుగు: అవతలి వైపు మిత్రులు

ఆ తొలి ఓటులో వద్దన్నవాళ్లు 133 మంది రిపబ్లికన్లు, 95 మంది డెమోక్రాట్లు. లిబర్టేరియన్ రాన్ పాల్, వామపక్ష డెమోక్రాట్ డెనిస్ కుసినిచ్ ఒకే వైపు ఓటేశారు. రెండు వైపుల నుంచీ మనుషులు రాకపోతే ఆ సంఖ్య వచ్చేదే కాదు. కాబట్టి కార్మిక సంఘంలో, వామపక్ష బృందంలో బెయిలౌట్ వద్దనేవాళ్లను వెతకండి. ఒప్పందం ఒక్క వాక్యానికే ఉండాలి: "ఈ బిల్లు వద్దు." జాతీయం చేయాలని వాళ్లంటారు, దివాలాకు పంపాలని మీరంటారు. ఆ తేడా ఉమ్మడి ప్రకటనలోకి రానివ్వకండి, ఎవరి కరపత్రంలో వాళ్లు రాసుకోవచ్చు.

పార్టీలోకి జారిపోకుండా చూసుకోవడం ఇంకా ముఖ్యం. 2009 ఫిబ్రవరిలో అమెరికా నగరాల్లో మొదలైన టీ పార్టీ సభల వెనుక బెయిలౌట్ల మీద ఉన్న కోపం చాలా ఉంది. కొద్ది కాలానికే అందులోకి ఇతర విషయాలన్నీ వచ్చి చేరాయి, ఒక పార్టీ అంతర్గత పోరుగా మారింది. మొదటి ప్రశ్న వెనక్కి పోయింది.

ర్యాలీ పెట్టాలనుకుంటే అనుమతి తీసుకోండి, ఒక్క డిమాండ్‌తో బోర్డులు రాయండి, ఎవరి ఆస్తికీ హాని జరగనివ్వకండి. ర్యాలీ కొత్త మనుషుల్ని పరిచయం చేయడానికి బాగా పనికొస్తుంది. ఓట్లు మార్చే పని మాత్రం ఫోన్‌దే.

సంతకాల సేకరణకు చట్టబద్ధమైన బలం ఉన్నచోట దాన్ని వదలొద్దు. ఐస్‌లాండ్‌లో, కూలిన ఒక బ్యాంకు బ్రిటన్, నెదర్లాండ్స్‌లో నడిపిన ఐస్‌సేవ్ ఖాతాల తాలూకు బాకీని జనం కట్టాలనే చట్టానికి వ్యతిరేకంగా ఓటర్లలో దాదాపు నాలుగో వంతు మంది సంతకాలు చేశారు. అధ్యక్షుడు ఆమోదం నిరాకరించాడు. 2010 మార్చి రెఫరెండంలో 90 శాతానికి పైగా వద్దన్నారు. సవరించిన ఒప్పందాన్ని 2011లో మళ్లీ ఓడించారు.

ఎనిమిదో అడుగు: ఓడిపోయాక పుస్తకం తెరవండి

చాలాసార్లు బిల్లు గెలుస్తుంది. అప్పుడు చాలా బృందాలు ఇంటికెళ్లిపోతాయి. నా దృష్టిలో అసలు పని అక్కడినుంచే. ఎవరికి ఎంత ఇచ్చారు, ఏ షరతులు పెట్టారు, వాటిని పాటించారా అని సమాచార హక్కు లాంటి చట్టం కింద దరఖాస్తులు పెట్టండి. "బెయిలౌట్ వివరాలన్నీ ఇవ్వండి" అని అడిగితే తోసిపుచ్చుతారు. ఫలానా తేదీ ఒప్పందం ప్రతి, ఫలానా ఆస్తికి వేసిన విలువ నివేదిక, ఫలానా నెలలో ఆ కంపెనీ ప్రతినిధులతో జరిగిన సమావేశాల జాబితా, ఇలా ఒక్కో దరఖాస్తులో ఒక్కటి అడగండి.

ఓపిక కావాలి. అత్యవసర రుణాలు ఏ బ్యాంకులకు వెళ్లాయో చెప్పమని బ్లూమ్‌బర్గ్ వార్తా సంస్థ 2008 నవంబర్‌లో అమెరికా కేంద్ర బ్యాంకు మీద కోర్టుకెళ్లింది. కింది కోర్టులో, అప్పీలులో గెలిచింది. 2011 మార్చిలో సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించాకే పత్రాలు బయటికొచ్చాయి. వచ్చిన ప్రతి అంకెనూ మీ ఫైల్‌లో చేర్చండి. తర్వాతి బెయిలౌట్ చర్చలో అదే మీ మొదటి పేజీ.

తొమ్మిదో అడుగు: ప్రశాంతంగా ఉన్నప్పుడు నియమాలు మార్చండి

సంక్షోభంలో బిల్లును ఆపడం కంటే, సంక్షోభం లేనప్పుడు అధికారాన్ని కుదించడం తేలిక. 2009లో రాన్ పాల్ పెట్టిన కేంద్ర బ్యాంకు ఆడిట్ బిల్లుకు ఓటర్ల ఫోన్ల బలంతో 435 మంది సభలో 300 మందికి పైగా మద్దతు సంతకాలు చేశారు. ఆ బిల్లు అలాగే చట్టం కాలేదు. కానీ 2010 ఆర్థిక సంస్కరణ చట్టంలో సంక్షోభ కాలపు రుణాల మీద ఒకసారి ఆడిట్ చేయాలని చేరింది. ఇకపై కేంద్ర బ్యాంకు ఒక్క కంపెనీ కోసం అత్యవసర అప్పు ఇవ్వకూడదు, అర్హత విస్తృతంగా ఉండాలి అనే పరిమితి కూడా అదే చట్టంలో వచ్చింది.

మీ దగ్గర ఎన్నికలు వచ్చినప్పుడు ప్రతి అభ్యర్థికీ, ఏ పార్టీ అయినా, ఈ ప్రశ్నలు రాతలో పంపండి. జవాబులు, జవాబివ్వనివాళ్ల పేర్లు ప్రచురించండి.

దివాలా కోర్టుకు వెళ్లని కంపెనీకి ప్రజాధనం ఇవ్వడాన్ని మీరు వ్యతిరేకిస్తారా?

గ్యారంటీలు, బకాయిల మాఫీతో సహా ప్రతి సాయం మీదా పేరుపేరునా ఓటు జరగాలని సభలో అడుగుతారా?

బిల్లు పూర్తి పాఠం జనం ముందు పెట్టాక కనీసం ఎన్ని రోజులకు ఓటు జరగాలంటారు?

సాయం పొందిన కంపెనీకి అప్పిచ్చినవాళ్ల జాబితా ఓటుకు ముందే బయటపెట్టాలని ఒప్పుకుంటారా?

మీ సొంత నియోజకవర్గంలోని కంపెనీ అడిగినా మీ జవాబు ఇదేనా?